సందుపెట్టె పాడిన ఐదో గొంతు

ఇటలీ దేశంలో నాలుగు వందల ముప్ఫై ఏళ్లుగా ఏ మనిషి చెవినా పడని పాటను నేను నరసాపురం దగ్గర ముందు బల్ల మీద, కాలు మీద కాలేసుకుని కూర్చుని విన్నాను. అక్కడి వాళ్లు దాని కోసం పాత కాగితాలు తిరగేసి తిరగేసి కళ్లజోళ్ల నంబర్లు పెంచుకున్నారు. నాకైతే చల్లటి మజ్జిగ చేతికిచ్చి మరీ వినిపించారు. నా గొప్ప అంతటితో ఆపి అసలు మనిషి దగ్గరికి వస్తాను. ఈ కథ కెజియాది.

ఆ మంగళవారం పొద్దున కెజియాకు పెట్టెను ఎత్తి పక్కనున్న రొయ్యల చెరువులో గిరాటెయ్యాలన్నంత చిరాకుగా ఉంది. అప్పటికి పదకొండుసార్లు పాడించింది. పదకొండుసార్లూ అదే తప్పు.

పెట్టె అంటే పెద్ద సరంజామా ఏమీ కాదు. గాజు పళ్లెంలో ఉప్పునీళ్లు, ఆ నీళ్లలో రొయ్య పెంకు నుంచి తీసిన ఒక పల్చటి పొర, అప్పడమంత. దాని చుట్టూ వెంట్రుకల్లాంటి తీగలు. ఆ తీగలు ఐదు స్పీకర్లకు వెళ్తాయి. నాలుగు స్పీకర్లలో నాలుగు గొంతులు పాడిస్తే పొర సన్నగా వణుకుతుంది. కాసేపటికి ఐదో స్పీకరు తనంతట తానే అందుకుంటుంది. మాటలుండవు, నోరు మూసుకుని తీసే రాగం మాత్రమే. ఆ నలుగురి మధ్యా లేని ఐదో మనిషి ఏం పాడి ఉండాలో అది పాడుతుంది.

చెరువుల మధ్యనున్న ఆ ప్రయోగశాలలో కెజియా దాన్ని మొదట చెవుడున్న వాళ్ల కోసం తయారుచేసింది. సంతలోనో బస్టాండులోనో సగం మాట వినపడి సగం గోలలో పోతే, పోయిన సగాన్ని పొర నింపాలి. అది ఎంత సరిగ్గా నింపుతుందో తేల్చుకోవడానికి గట్టి పరీక్ష ఒకటి కావాలి. ఆ పరీక్ష ఇటలీ నుంచి వచ్చింది.

అక్కడ ఒక పాత మఠంలో గ్రంథాలు చూసుకునే ప్రొఫెసర్ బెనెదెత్తా అనే ఆవిడకు నాలుగు చిన్న పుస్తకాలు దొరికాయి. తొలొమేయో బ్రాస్కా అనే సంగీతకారుడు రాసిన మాడ్రిగల్ వాటిలో ఉంది. మాడ్రిగల్ అంటే వాయిద్యం అక్కర్లేకుండా నలుగురైదుగురు కలిసి పాడే పాట. పద్యం అందరిదీ ఒకటే, రాగం ఎవరిది వాళ్లదే. ఒకే ఇంట్లో నలుగురు ఒకేసారి పోట్లాడుకుంటున్నా చెవికి హాయిగా ఉంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఆ రోజుల్లో ఒక్కో గొంతుకూ ఒక్కో పుస్తకం. నిజానికి పాట బ్రాస్కాది కాదు, అతని గురువుది. గురువు నాలుగు గొంతులకు రాశాడు. ఆయన పోయాక శిష్యుడు దాన్ని తీసుకుని, ఇక్కడ కాస్త తగ్గించి, అక్కడ కాస్త పక్కకు జరిపి, ఐదో గొంతుకు చోటు చేశాడు. గురువు పాట మొత్తం ఉంది. శిష్యుడు జరిపిన నాలుగు గొంతులూ ఉన్నాయి. ఎవరి కోసం జరిపాడో ఆ ఐదో పుస్తకాన్నే ఎలుకలు తినేశాయి.

బస్సు సీట్లో నలుగురు సర్దుకుని కూర్చున్నారనుకోండి. దిగిపోయిన ఐదో మనిషి ఎంత లావో మిగిలిన సందు చూసి చెప్పొచ్చు కదా. కెజియా పెట్టె చేసే పని అదే.

కాకపోతే కాగితం చాలదు. గొంతులు ఒకదానికొకటి ఎలా చోటిస్తాయో పొర వింటూ నేర్చుకోవాలి. అందుకని కెజియా తమ చర్చి క్వయర్‌ను పట్టుకొచ్చింది. నాలుగు గొంతుల్లో కీర్తనలు పాడే ముప్ఫై మంది వాళ్లు. దానికి తోడు, క్వయర్‌ను నడిపే ఆమె నాన్న తిమోతి మాస్టారు ఎనిమిదేళ్లుగా ప్రతి ఆదివారం రికార్డు చేసి దాచిన కీర్తనలు అరల నిండా ఉన్నాయి. ఆర్నెల్లపాటు పొర అవే వింది. వాటితోనే పెరిగింది.

ఇప్పుడది బ్రాస్కా ఐదో గొంతు పాడుతోంది. మూడో లైను చివరిదాకా అద్భుతంగానే పాడుతోంది. అక్కడికి వచ్చేసరికి మిగతా నాలుగు గొంతులూ ముందుకు పోతుంటే ఇది ఆగిపోతోంది. రెండు తాళపు దెబ్బల సేపు ఆగి, ఊపిరి పీల్చినట్టు ఓ చప్పుడు చేసి, తర్వాతి స్వరం మీద బరువంతా వేసి పడుతోంది. పద్యంలో ప్రతి మూడో లైనుకీ ఇదే తంతు. కెజియా నీళ్లు మార్చింది. తీగలు మార్చింది. ఫ్యాను ఆపింది. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు కాసేపు ఆపమని పక్క రైతును అడిగి చీవాట్లు తింది. పన్నెండోసారి పెట్టింది. ఆగింది.

“నీకేం రోగమే,” అంది పెట్టెతో.

మధ్యాహ్నానికి క్వయర్ ఆటోల్లో దిగింది. ముందు లోపలికి వచ్చింది సువార్తమ్మ, కెజియాకు పిన్ని, ఆల్టోల్లో, అంటే ఆడవాళ్ల కింది గొంతుల్లో, పెద్ద గొంతు. పాట లేనప్పుడల్లా చేతిలో లేసు సూది ఆడుతూనే ఉంటుంది. అసలీ పెట్టె ఆలోచన కెజియాకు వచ్చింది ఆవిడ చేతులు చూసే. చిన్నప్పుడు కుక్క చింపేసిన లేసు బల్లగుడ్డ ఒకటి ఆవిడ ఒళ్లోకి వచ్చింది. పోయిన పువ్వు ఎలా ఉండేదో ఎవరికీ గుర్తులేదు. చుట్టూ మిగిలిన దారాలు ఏ వైపు లాగుతున్నాయో వేలితో తడిమి చూసి, సాయంత్రానికల్లా పువ్వును మళ్లీ అల్లేసింది. ఈ సంగతి కెజియా పెద్ద పెద్ద సభల్లో చెప్పుకుంది. సువార్తమ్మ మాత్రం యంత్రానికి సందుపెట్టె అని పేరు పెట్టి, నా లేసుకూ ఈ రొయ్య తొక్కకూ పోలికేంటని దెప్పుతూనే ఉంటుంది.

ఆవిడ వెనకాలే తిమోతి మాస్టారు వచ్చారు. ఐదో గొంతును ఆయన అప్పటిదాకా వినలేదు. తప్పు ఎక్కడుందో పాడేవాళ్లకైనా తెలుస్తుందేమోనని కెజియా అందరికీ వినిపించింది. మూడో లైను వచ్చింది. పెట్టె ఆగింది, ఊపిరి పీల్చింది, పడింది.

విచిత్రం ఏమిటంటే ముప్ఫై మందిలో ఒక్కరికీ అది తప్పనిపించలేదు. బానే ఉంది కదా, ఇంకేం కావాలని ఎదురు అడిగారు. కెజియా నెత్తి కొట్టుకుంది. మాస్టారు మాత్రం కుర్చీలోంచి లేచారు.

“మళ్లీ పెట్టు.”

పెట్టింది.

“దీనికి ఎన్నిసార్లు చెప్పాను,” అన్నారాయన, నిజంగానే కోపంగా. “మూడో లైను దగ్గర ఆగొద్దే, పాట చచ్చిపోద్దే అని. ముప్ఫై ఏళ్లు చెప్పాను. వింటేనా.”

కెజియాకు ముక్క అర్థం కాలేదు. సువార్తమ్మ చేతిలో సూది నిలిచిపోయింది.

“అక్క,” అంది ఆవిడ. “ఒసే కెజియా, అది మీ అమ్మే.”

రాహేలమ్మ పోయి ఎనిమిదేళ్లయింది. చర్చిలో కాళ్లతో తొక్కే హార్మోనియం ఆవిడదే. ఆ హార్మోనియం ఎడమ తిత్తికి చిల్లి పడితే ఎప్పుడో సైకిలు ట్యూబు ముక్కతో అతుకేశారు. అతుకు సగమే పనిచేసేది. రెండు లైన్లు వాయించేసరికి గాలి అయిపోవచ్చేది. మూడో లైను చివర ఆవిడ ఆగి, రెండుసార్లు గట్టిగా తొక్కి గాలి నింపి, అప్పుడు చేతులు బరువుగా వేసేది. ఆ రెండు దెబ్బల సేపూ క్వయర్ ఆగేది. ఆవిడ పోయాక మాస్టారు హార్మోనియం మీద గుడ్డ కప్పి, ఎవరినీ కూర్చోనివ్వలేదు. తొక్కేవాళ్లు లేరు, ఆగాల్సిన పని లేదు. అయినా ముప్ఫై మందీ మూడో లైను చివర ఆగుతూనే ఉన్నారు. ఆ ఊళ్లో కీర్తన అంటే అలాగే ఉంటుంది. కొత్తవాళ్లెవరైనా వస్తే మొహమొహాలు చూసుకునేవాళ్లు కానీ, ఊరివాళ్ల చెవులకు ఆ ఆగడం ఎప్పుడూ వినపడలేదు. అందులోనే పుట్టి పెరిగిన కెజియాకూ కీర్తనల్లో వినపడలేదు; ఇటలీ పాటలో మిగతా నాలుగు గొంతులూ ఆగలేదు కాబట్టి పట్టుబడింది. యంత్రానికి పాఠాలు చెప్పేవాళ్లు చెయ్యకూడని తప్పు అది. వీళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు కూడా.

పొరకు ఈ గొడవలేం తెలుసు. ఎనిమిదేళ్ల కీర్తనల్లో అందరూ ఎవరి కోసమో ఆగుతున్నారు. ఆ ఎవరో ఎలా ఉంటారో అది లెక్కగట్టింది. బ్రాస్కాకు బదులు రాహేలమ్మను పాడింది.

మర్నాటి నుంచి మాస్టారు పొద్దున్నే బస్సెక్కి ప్రయోగశాలకు రావడం మొదలుపెట్టారు. సాయంత్రాలు క్వయర్‌నీ అక్కడికే రప్పించారు. ఒక కీర్తన తర్వాత ఇంకో కీర్తన. నలుగురు పాడితే ఐదో గొంతు అందుకునేది. మూడో లైను దగ్గర ఆయన పెట్టెను కసిరేవారు, కసిరి తనలో తాను నవ్వుకునేవారు. ఇంట్లో కూర బాగుందో లేదో చెప్పడం మానేశారు. కెజియా ఏదైనా అడిగితే రెండు దెబ్బల సేపు ఆగి, జవాబు ఇంకెవరో ఇస్తారన్నట్టు చూసేవారు.

సంగతి ఊళ్లో పాకింది. నేనూ అప్పుడే వెళ్లాను. ముందు బల్ల అన్నది కాస్త ఎక్కువ చెప్పాను. బల్లలన్నీ క్వయర్ వాళ్లవి. నేను వరండాలో చెప్పుల పక్కన నిలబడ్డాను. నాకు ఎడమ చెవి పనిచెయ్యదు, కిటికీయేమో ఎడమ పక్కన. మజ్జిగ కూడా నాకిచ్చింది కాదు, ఎవరో తాగకుండా గోడ మీద పెట్టి మర్చిపోయింది.

ఇక బెనెదెత్తా గారు. తప్పు పట్టుకోక ముందు, ఏడోసారో ఎనిమిదోసారో పాడించినప్పటి రాగాన్ని కెజియా ఆవిడకు పంపి ఉంది, ఇంకా పూర్తి కాలేదని రాసి మరీ. ఆవిడ ఆ ముక్క చదవలేదు. వీడియోలో కళ్లు తుడుచుకుంటూ కనిపించింది. గురువు చచ్చిపోయాడు, శిష్యుడు ఆయన పాటలోకి ఐదో గొంతై వచ్చాడు, వచ్చి ముందుకు కదలలేక ప్రతి మూడో లైను దగ్గరా ఆగిపోతున్నాడు, ఆ శతాబ్దంలో ఇంత సాహసం ఇంకెవరూ చెయ్యలేదని చెప్పుకుపోయింది. తన పుస్తకం మళ్లీ రాస్తోందట. వచ్చే నెల మొదట్లో అచ్చుకు వెళ్తుందట. మఠంలో ఐదుగురితో పాడిస్తారట. కెజియా మూడుసార్లు అడ్డుపడబోయింది. హార్మోనియం, తిత్తి, సైకిలు ట్యూబు అన్న మూడు మాటల్లో దేనితో మొదలుపెట్టాలో తెలియక మూడుసార్లూ నోరు మూసుకుంది. అది కెజియాకు తన మీద తనకే పట్టరాని చిరాకు తెప్పించింది.

దిద్దుకోవడం తెలియక కాదు. పొరలోంచి ఒక్క అలవాటును మాత్రం తియ్యడం కుదరదు, లేసులో ఒక్క దారం లాగితే పువ్వంతా ఊడినట్టే. అది పెరిగిన వస్తువు కాబట్టి అచ్చం అలాంటిదే ఇంకొకటి చెయ్యడమూ కుదరదు; వేసిన పొరల్లో బతికి నిలిచింది ఇదొక్కటే. వెనిగర్ కలిపిన నీళ్లతో కడిగెయ్యాలి. విన్నదంతా పోతుంది. మళ్లీ మొదటి నుంచి, వేరే ఊళ్ల పాటలతో పెంచాలి. కడగకపోతే బ్రాస్కా రాయనిది బ్రాస్కా పేరున అచ్చవుతుంది. అంతకన్నా ముఖ్యం, రేపు ఈ పొర చెవిలో పెట్టుకున్న మనిషికి బస్టాండులో బస్సు ఏ ఊరిదో వినపడాల్సిన చోట రాహేలమ్మ ఊపిరి వినపడుతుంది. కడిగితే, నాన్న.

వెనిగర్ సీసా తెచ్చి అల్మారాలో దాచింది. ఒకరోజు ధైర్యం చేసి, కావలసిన కీర్తనలన్నీ పాడించుకుని రికార్డు చేసుకోమని, పెట్టె తనకు కావాలని నాన్నతో అంది.

“రికార్డులు నా దగ్గర బోలెడున్నాయి,” అన్నారు మాస్టారు. “అవి పాడిందే పాడతాయి. నిన్న నేను కొత్త కీర్తన కట్టాను. మీ అమ్మ చెవిన పడనిది. ఇది దాన్ని పాడింది. పాడి, మూడో లైను దగ్గర ఆగింది. ఏ రికార్డు ఆగుద్ది చెప్పు.”

 సీసా అల్మారాలోనే ఉండిపోయింది.

ఆ ఆదివారం చర్చిలో మామూలు కీర్తనే, ఊరందరికీ వచ్చినదే. పెట్టె ప్రయోగశాలలో ఉంది. మాస్టారు చెయ్యెత్తారు. మొదటి లైను, రెండో లైను, మూడో లైను. మూడో లైను చివర క్వయర్ ఆగలేదు. ఎక్కేవాళ్లు లేని స్టాపును బస్సు దాటేసినట్టు నాలుగో లైనులోకి నున్నగా వెళ్లిపోయింది. మాస్టారి చెయ్యి మాత్రం గాలిలో నిలిచిపోయింది. కెజియా మూడో వరుసలో ఉంది. పుట్టి నలభై ఏళ్లలో కీర్తనలోని ఆ ఆగడం ఆమెకు మొదటిసారి వినపడింది, అది లేదు కాబట్టి.

నెల రోజులుగా ఆ రెండు దెబ్బల బరువు పెట్టె మోసింది. నింపేవాళ్లు ఉన్నప్పుడు ఖాళీ ఉంచే పని ఎవరికి. ముప్ఫై మందీ ఎప్పుడు మానేశారో వాళ్లకే తెలియకుండా మానేశారు.

ప్రార్థన అయ్యాక సువార్తమ్మ ఏదో అడగబోతే మాస్టారు చెయ్యి అడ్డంపెట్టి వెళ్లిపోయారు.

సోమవారం ఆయన ఒక్కరే ప్రయోగశాలకు వచ్చారు. దారిలో అనుకున్న మాటలన్నీ కెజియా గొంతులో పేర్చుకుంటూ ఉండగానే ఆయన అడిగారు.

“సీసా ఇలా తే.”

“ఏ సీసా?”

“రెండో అరలో, పాత ఫైళ్ల వెనకాల. దాచడం కూడా మీ అమ్మలాగే దాస్తావు. గుమ్మంలోంచి కనపడుద్ది.”

కెజియా సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. 

“నాన్నా, ఒక్కసారి పాడించనా?”

“వద్దు. పాడిస్తే నీ చెయ్యాడదు. నాకసలే ఆడదు.” ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “ఎనిమిదేళ్లు ఆవిడకి చోటుంచారు, ఎవరూ చెప్పకుండా. నేను ఆ చోట్లో దీన్ని తెచ్చి కూర్చోబెట్టాను. ఇది కూర్చున్నాక ఆవిడెక్కడ కూర్చుంటాది?”

కెజియా నీళ్లలో వెనిగర్ పోసింది. పొర పాలలా తెల్లబడింది. అంచులు కాస్త ముడుచుకుని, మెల్లగా మళ్లీ తేటబడింది. ఐదో స్పీకరు ఏ చప్పుడూ చెయ్యలేదు. మాస్టారు తలొంచుకుని చూస్తూ, మీ పిన్నికి నువ్వే చెప్పు, నేను చెబితే జీవితాంతం దెప్పుద్ది అన్నారు.

ఆ రోజే కెజియా ఇటలీకి ఉన్నదున్నట్టు ఉత్తరం రాసింది, ట్యూబు ముక్కతో సహా. తొమ్మిది రోజులు జవాబు లేదు. పదో రోజు ఒక్క వాక్యం కూడా లేకుండా వాళ్ల ఊరి గాయకుల రికార్డులు వచ్చాయి. కడిగిన పొర మూడు వారాలు అవి విని కొత్త ఐదో గొంతు పాడింది. పెద్ద విశేషమేమీ లేదు. గురువు రాసిన కింది గొంతు వెనకాల ఒక అడుగు దూరంలో తలొంచుకుని నడుస్తుంది. ఎక్కడా ఆగదు. గురువు వెనకాల నడిచే శిష్యుడు అలాగే నడుస్తాడేమో. అచ్చు కాస్త ఆలస్యమైంది కానీ బెనెదెత్తా గారు అదే వేశారు. మఠంలో అదే పాడించారు. ఆ తర్వాత ఒక ఉత్తరం వచ్చింది. ఇదే సరైనదని తనకు తెలుసట, నిజాయితీగా చెప్పినందుకు కృతజ్ఞతలట. చివర్లో, మీ పెట్టెలో ఆ మొదటిది ఇంకా ఉందా అని.

కెజియాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేదు, కావాలంటే ఏదైనా ఆదివారం నరసాపురం రండి అని రాసింది.

రాసిందే కానీ, నరసాపురంలోనూ అది లేదు. మాస్టారు ముప్ఫై మందికీ ఆగడం నేర్పుతున్నారు. తెలియక చేసినంత కాలం బ్రహ్మాండంగా చేసిన పని ఇప్పుడు ఎవరికీ రావడం లేదు. ఒకరు ఒక దెబ్బ ఆగుతారు, ఇంకొకరు మూడు. బేస్‌లు అనే లోతు గొంతు మగవాళ్లు వేళ్ల మీద లెక్కపెడుతున్నారు. ముప్ఫై ఏళ్లు ఆగొద్దని పోరు పెట్టిన మనిషి ఆగండి, ఎక్కడికర్రా ఆ పరుగు అని బల్ల గుద్దుతున్నారు.

“బావగారూ,” అంది సువార్తమ్మ, “ఆగమంటే ఆగేది కాదండి అది. ఎవరో ఉండాలి.”

 మాస్టారు వెళ్లి హార్మోనియం మీది గుడ్డ తీశారు. దుమ్ముకు ముందు వరుసంతా దగ్గింది. కెజియాను రమ్మన్నారు.

“నాకు వాయించడం రాదు కదా నాన్నా.”

“ఎవరు వాయించమన్నారు? తొక్కు.”

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని, ఒక్క మెట్టూ నొక్కకుండా తొక్కింది. క్వయర్ అందుకుంది. గాలి పోయే దారి లేక తిత్తి ఉబ్బింది, అతుకులోంచి చీదింది, మూడో లైను చివరికి కాళ్ల కింద బరువు తగ్గిపోయింది. కెజియా ఏమీ ఆలోచించకుండా రెండుసార్లు గట్టిగా తొక్కింది. ఆ చప్పుడు విని ముప్ఫై మందీ ఆగారు.

“ఆలస్యం చేశావు,” అన్నారు మాస్టారు, మొహం అటు తిప్పుకుని. “అచ్చం దానిలాగే. ఇంకోసారి.”

ఇంకోసారి అని ఆరుసార్లు పాడించారు. ఆరోసారికి కెజియా పిక్కలు పట్టేసి, ఈ చర్చిలో కొత్త హార్మోనియం కొనుక్కునే మనిషే లేడా అని విసుక్కుంది. 

ఇందులో నేను కల్పించినదొకటి ఉంది, ఒప్పుకుంటున్నాను. సైకిలు ట్యూబు. ఆ తిత్తికి అతుకు దేనితో వేశారో నాకు తెలియదు. నన్ను ఎవరు దగ్గరికి రానిచ్చారు కనక. చిల్లికి ఏదో ఒకటి అడ్డం పెట్టాలి కాబట్టి అది పెట్టాను. ఇటలీ ఆవిడకు కెజియా ఏమని రాసుకుందో మరి. ఆ రెండు దెబ్బలు మాత్రం నావి కావు. అవి నేను చర్చి గుమ్మంలో నిలబడి, కుడి చెవితో విన్నాను.